షుగర్ ఉన్నవాళ్లు స్టాటిన్ గోళీ వేసుకోవాలా వద్దా? తేల్చుకునే పద్ధతి

నాకు షుగర్ వచ్చి ఎనిమిదేళ్లు. నాలుగేళ్ల కింద ఒక చెకప్‌లో డాక్టరుగారు చీటీ మీద మెట్‌ఫార్మిన్, బీపీ గోళీ రాసి, వాటి కింద కొత్తగా రోసువాస్టాటిన్ 10 అని, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ గోళీ ఒకటి చేర్చారు. రిపోర్టు చూస్తే చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 112. పక్కనే ల్యాబ్ వాళ్లు 100 నుంచి 129 దాకా పర్వాలేదన్నట్టు అచ్చేసి పెట్టారు. బాగానే ఉన్నదానికి గోళీ ఎందుకు అని అడుగుదామంటే బయట ఇంకో ముప్పై మంది కూర్చుని ఉన్నారు, నా ఫైలు అప్పటికే పక్కకు జరిగిపోయింది. మెడికల్ షాపులో కొన్నాను, ఇంటికి తెచ్చాను, టీవీ కింద సొరుగులో పడేశాను. ఐదు నెలలు అక్కడే ఉంది. వద్దని గట్టిగా అనుకున్నానా అంటే అదీ లేదు, ఊరికే తప్పించుకు తిరిగాను.

మల్కాజ్‌గిరిలో మా అపార్ట్‌మెంట్ కింద సాయంత్రం కూర్చునే ఏడుగురిలో నలుగురికి షుగర్. అందులో ఇద్దరు నాలాగే కొని పక్కన పెట్టినవాళ్లేనని తర్వాత తెలిసింది. అందుకే ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు, వేసుకోండి అనో మానేయండి అనో చెప్పను. డాక్టరు ముందు కూర్చునేసరికి మీ దగ్గర ఏం ఉండాలో, ఏ లెక్క చూసుకోవాలో మాత్రం చెప్తాను.

ముందు ప్రశ్న మార్చుకోండి

"నా కొలెస్ట్రాల్ ఎక్కువుందా?" అని అడిగితే షుగర్ ఉన్నవాళ్లకి సరైన జవాబు రాదు. "వచ్చే పదేళ్లలో నాకు గుండెపోటు గానీ పక్షవాతం గానీ వచ్చే అవకాశం ఎంత, ఈ గోళీ దాన్ని ఎంత తగ్గిస్తుంది?" అని అడగాలి. షుగర్ ఏళ్ల తరబడి రక్తనాళాల లోపలి పొరని దెబ్బతీస్తూ ఉంటుంది, అలా దెబ్బతిన్న చోట కొవ్వు తేలిగ్గా పేరుకుంటుంది. అందుకే షుగర్ లేని మనిషికి పర్వాలేదనిపించే 112 మనకి అంత పర్వాలేదు కాదు. ల్యాబ్ కాగితం మీద అచ్చయిన ఆ రేంజి ఎవరి రిపోర్టు మీదైనా అదే ఉంటుంది, మీకు షుగర్ ఉందని దానికి తెలియదు.

మన దగ్గర ఇంకో తిరకాసు ఉంది. షుగర్ ఉన్న మనవాళ్ల రిపోర్టుల్లో ఎల్‌డీఎల్ మామూలుగానే కనిపిస్తుంది, రక్తంలో తిరిగే ఇంకో రకం కొవ్వు ట్రైగ్లిజరైడ్లు మాత్రం పైన, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ కింద ఉంటాయి. ఇలాంటప్పుడు ఎల్‌డీఎల్ కణాలు చిన్నవిగా, ఎక్కువ సంఖ్యలో ఉంటాయి. అంకె ఒకటే అయినా నాళాల గోడల్లోకి దూరేవి ఎక్కువన్నమాట. నా రిపోర్టే చూడండి: మొత్తం కొలెస్ట్రాల్ 198, హెచ్‌డీఎల్ 36, ట్రైగ్లిజరైడ్లు 250. చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ని నేరుగా కొలవరు, మొత్తంలోంచి హెచ్‌డీఎల్ తీసేసి, ట్రైగ్లిజరైడ్లలో ఐదోవంతు కూడా తీసేసి చెప్తారు. 198లోంచి 36, ఇంకో 50 పోతే 112. ఇప్పుడు మొత్తంలోంచి హెచ్‌డీఎల్ ఒక్కటే తీసేయండి, 162 వస్తుంది. దీన్ని నాన్ హెచ్‌డీఎల్ అంటారు, నాళాలకి చెడు చేసే కొవ్వంతా ఇందులో ఉంటుంది. భారత కార్డియాలజీ సొసైటీ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం షుగర్ ఉన్నవాళ్లకి ఎల్‌డీఎల్ 70 లోపు, నాన్ హెచ్‌డీఎల్ 100 లోపు ఉండాలి. 162 ఎక్కడ, 100 ఎక్కడ! నా సొరుగులో పడున్న షీటు వైపు మొదటిసారి సీరియస్‌గా చూసింది ఈ తీసివేత చేసిన రోజే.

మీరు ఏ గుంపులో ఉన్నారు

ఇప్పటికే గుండెపోటు వచ్చినా, స్టెంట్ వేసినా, బైపాస్ అయినా, పక్షవాతం వచ్చినా, కాళ్ల రక్తనాళాలు మూసుకుపోయాయని తేలినా, ఇక వేసుకోవాలా వద్దా అన్న చర్చ దాదాపు లేనట్టే. ఎక్కువ డోసు స్టాటిన్, ఎల్‌డీఎల్ 55 లోపు. మీకు పనికొచ్చేది కిందున్న సైడ్ ఎఫెక్టుల భాగం, అక్కడికి వెళ్లిపోవచ్చు.

గుండె జబ్బేమీ లేదు, షుగర్ ఉంది, వయసు 40 నుంచి 75 మధ్య. మనలో ఎక్కువమంది ఇక్కడే ఉంటాం. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ వీళ్లందరికీ కనీసం మధ్యస్థ డోసు స్టాటిన్ ఇవ్వమంటుంది, ఎల్‌డీఎల్ అంకెతో సంబంధం లేకుండా. బీపీ, సిగరెట్, మూత్రంలో ప్రోటీన్ లాంటివి తోడైతే ఎక్కువ డోసు. అంటే డాక్టరు రాశారంటే మీలో ఏదో తేడా కనిపెట్టారని కాదు, ఈ వయసులో షుగర్ ఉంటే రాయడమే పద్ధతి. ఆ ఒక్క ముక్క ఆ రోజు నాకు చెప్పి ఉంటే ఐదు నెలలు మిగిలేవి.

నలభై లోపు వాళ్లది నిజంగా ఆలోచించాల్సిన గుంపు. గచ్చిబౌలిలో ఐటీ ఉద్యోగం చేసే మా బావమరిదికి 37, షుగర్ వచ్చి మూడేళ్లు. ఇలాంటివాళ్లలో మిగతా ప్రమాదాలు ఏమున్నాయన్నదాన్ని బట్టి నిర్ణయం మారుతుంది. నాన్నకో అన్నదమ్ములకో 55 లోపు, అమ్మకో అక్కచెల్లెళ్లకో 65 లోపు గుండెపోటు వచ్చిందా? బీపీ ఉందా? పొగ తాగుతారా? కంటి వెనక రెటీనాలో మార్పులు మొదలయ్యాయా? మూత్రంలో ప్రోటీన్ పోతోందా? ఇందులో ఒకటో రెండో ఉంటే నలభై రాలేదు కదా అని ఆగడంలో అర్థం లేదు. ఏవీ లేకపోతే, ప్రస్తుతానికి ఆగి చూద్దాం అనడం కూడా న్యాయమైన జవాబే.

డెబ్భై అయిదు దాటినవాళ్లు ఇప్పటికే వేసుకుంటుంటే కొనసాగించడం మామూలు. కొత్తగా మొదలుపెట్టాలంటే మనిషి ఓపిక, మిగతా జబ్బులు, వేసుకునే మందుల సంఖ్య అన్నీ చూసి మాట్లాడుకోవాలి. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకి కొత్తగా మొదలుపెడితే పెద్దగా లాభం కనబడలేదు, ముందునుంచీ వేసుకుంటుంటే ఆపరు. గర్భంతో ఉన్న ఆడవాళ్లు, పాలిచ్చే తల్లులు మామూలుగా స్టాటిన్ వేసుకోరు. పిల్లల కోసం అనుకుంటున్నవాళ్లు ఆ మాట డాక్టరుతో ముందే చెప్పాలి. ముప్పై అయిదేళ్ల ఆడమనిషికి స్టాటిన్ రాస్తూ ఈ ప్రశ్న అడగని చోట్లు కూడా ఉన్నాయి కాబట్టి, వాళ్లు అడగకపోయినా మీరే చెప్పండి.

కాగితాలు ముందు పోగేసుకోండి

కొలెస్ట్రాల్ అంకెలన్నీ ఇచ్చే లిపిడ్ ప్రొఫైల్, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ, కిడ్నీ పనితీరుకి క్రియాటినిన్‌తో వచ్చే ఈజీఎఫ్‌ఆర్, లివర్‌కి ఎస్‌జీపీటీ, థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్, మూత్రంలో ఆల్బుమిన్ క్రియాటినిన్ నిష్పత్తి, అంటే ఏసీఆర్. బీపీ రీడింగులు ఓ వారంవి, ఏడాది లోపు చేయించిన కంటి పరీక్ష. ప్రైవేటులో అన్నీ కలిపితే జేబుకి బరువే. బస్తీ దవాఖానాలో రాయించుకుంటే సాంపిల్ తెలంగాణ డయాగ్నోస్టిక్స్‌కి పోతుంది, లిపిడ్ ప్రొఫైల్ లాంటివి డబ్బులు లేకుండా అయిపోతాయి, రిపోర్టు ఫోన్‌కి వస్తుంది. చిన్నతనం ఏమీ లేదు, నేను అక్కడే ఇస్తున్నాను.

లిపిడ్ పరీక్షకి పరగడుపునే ఉండాలన్న పట్టింపు ఇప్పుడు తగ్గింది. ట్రైగ్లిజరైడ్లు బాగా ఎక్కువొస్తే మాత్రం పరగడుపున మళ్లీ చేస్తారు. ముందురోజు రాత్రి పెళ్లిలో బిర్యానీ తిని పొద్దున్నే సాంపిల్ ఇచ్చి, రిపోర్టు చూసి బెంబేలెత్తినవాళ్లు మా బిల్డింగులోనే ఉన్నారు.

వీటిలో రెండింటి గురించి గట్టిగా చెప్తాను, ఎందుకంటే అందరూ వదిలేసేవి ఇవే. ఒకటి ఏసీఆర్. ఇది 30 దాటిందంటే కిడ్నీకే కాదు, గుండెకి కూడా ప్రమాదం పెరిగినట్టు లెక్క. స్టాటిన్ వైపు ముల్లు బాగా మొగ్గుతుంది. రెండోది టీఎస్‌హెచ్. థైరాయిడ్ తక్కువ పనిచేస్తే ఎల్‌డీఎల్ దానంతట అదే పెరుగుతుంది, పైగా స్టాటిన్ వేసుకున్నప్పుడు కండరాల నొప్పులు వచ్చే అవకాశం కూడా ఎక్కువ. ముందు థైరాయిడ్ సరిచేస్తే సగం లెక్క మారిపోవచ్చు.

అంకెలన్నీ చేతిలో ఉంటే క్యూరిస్క్3 అనే బ్రిటన్ కాలిక్యులేటర్ ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో జాతి దగ్గర ఇండియన్ అని ఎంచుకునే వీలుంది, షుగర్, కిడ్నీ సంగతులు కూడా అడుగుతుంది. అక్కడ ఉండే మనవాళ్ల లెక్కలతో కట్టింది కాబట్టి కూకట్‌పల్లిలో ఉండే మనిషికి అచ్చంగా సరిపోతుందని కాదు గానీ, పదేళ్లలో వందకి ఎంత అన్నది ఒక అందాజాకి వస్తుంది. అక్కడి నిబంధన ప్రకారం వందకి పది వచ్చినా, దాటినా స్టాటిన్ ఇస్తారు.

లాభం ఎంత: మనుషుల్లో లెక్కేయండి

గుండెపోటు, పక్షవాతం ప్రమాదం 37 శాతం తగ్గుతుంది అంటే ఎవరికైనా వేసేసుకుందాం అనిపిస్తుంది. ఆ శాతం దేని మీద అన్నదే అసలు సంగతి. షుగర్ ఉన్నవాళ్ల మీదే చేసిన కార్డ్స్ అనే పరీక్ష ఒకటుంది, ఫలితాలు 2004లో వచ్చాయి. గుండె జబ్బు లేని 2,838 మంది టైప్ 2 షుగర్ వాళ్లు. సగం మందికి అటోర్వాస్టాటిన్ 10, సగం మందికి మందు లేని ఉత్త గోళీ. వీళ్లందరికీ షుగర్‌తో పాటు బీపీ, సిగరెట్, కంటి మార్పులు, మూత్రంలో ఆల్బుమిన్ వీటిలో ఏదో ఒకటైనా ఉంది. నాలుగేళ్లలోపే తేడా అంత స్పష్టంగా కనిపించేసరికి అనుకున్నదానికన్నా రెండేళ్లు ముందే ఆపేశారు.

వందమంది లెక్కన చూద్దాం. ఉత్త గోళీ వేసుకున్న వందలో 9 మందికి గుండెపోటో పక్షవాతమో అలాంటి పెద్ద దెబ్బ తగిలింది. అసలు గోళీ వేసుకున్న వందలో దాదాపు 6 గురికి. అంటే వందమంది నాలుగేళ్లు వేసుకుంటే ముగ్గురు తప్పించుకున్నారు, 91 మందికి ఎలాగూ ఏమీ అయ్యేది కాదు, ఆరుగురికి వేసుకున్నా వచ్చింది. ఆ ముగ్గురు ఎవరో ఎవరికీ తెలియదు. ఇదే నిజమైన బేరం, దీన్ని డాక్టర్లు ఇలా విడమరిచి చెప్తే జనం గోళీలు సొరుగుల్లో దాచుకోరని నా అనుమానం.

మూడు అంటే తక్కువ అనిపించొచ్చు. మొదట్లో నాకూ అనిపించింది. తర్వాత మా అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు ఆయన గుర్తొచ్చాడు, పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పోయింది, ఇప్పుడు చొక్కా గుండీలు ఆయన భార్య పెడుతుంది. ఈ పరీక్షలో పక్షవాతాలు దాదాపు సగానికి తగ్గాయి. ఇంకోటి, ఇది నాలుగేళ్ల లెక్కే. మనం పాతికేళ్లు షుగర్‌తో బతకబోతున్నాం, కొవ్వు పేరుకోవడం కూడా అన్నేళ్లూ జరుగుతూనే ఉంటుంది. 2008లో పద్నాలుగు పరీక్షల్లోని పద్దెనిమిది వేలకు పైగా షుగర్ వాళ్ల లెక్కలు కలిపి చూస్తే, ఎల్‌డీఎల్ ప్రతి 39 పాయింట్లు దిగినప్పుడల్లా ఇలాంటి ప్రమాదాలు ఐదోవంతు తగ్గాయి. మీ ప్రమాదం వందకి 30 అయితే ఐదోవంతు అంటే ఆరుగురు, వందకి 4 అయితే ఒక్కరు కూడా కాదు. అందుకే ముందు మీ ప్రమాదం ఎంతో తెలియాలన్నది.

భయాలు, ఒక్కొక్కటిగా

"బావా, ఆ గోళీ లివర్ ఖరాబ్ చేస్తదంట" అన్నాడు మా బావమరిది. లివర్‌కి పెద్ద దెబ్బ తగలడం లక్షలో ఒకరికి అన్న స్థాయిలో ఉంటుంది. మొదలుపెట్టే ముందు ఎస్‌జీపీటీ చూస్తారు, తర్వాత అవసరమైతేనే. ఊరికే నెలనెలా లివర్ పరీక్షలు అక్కర్లేదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2012లోనే చెప్పింది. ఫ్యాటీ లివర్ ఉంది కాబట్టి వద్దు అనేది కూడా తప్పే. షుగర్ వాళ్లలో ఫ్యాటీ లివర్ చాలామందికి ఉంటుంది, వాళ్లకి గుండె ప్రమాదం ఇంకా ఎక్కువ. ఎస్‌జీపీటీ మామూలు గరిష్ఠానికి మూడు రెట్లు దాటితే అప్పుడు ఆగి చూస్తారు.

షుగర్ పెరుగుతుందా? పెరుగుతుంది, కొంచెం. దాచాల్సిన పనిలేదు. షుగర్ లేనివాళ్లలో 255 మంది నాలుగేళ్లు వేసుకుంటే ఒకరికి అదనంగా షుగర్ బయటపడుతుందని 2010లో తేల్చారు, అది కూడా ఎక్కువగా బోర్డర్‌లో ఉన్నవాళ్లకే. ఇప్పటికే షుగర్ ఉన్న మనకి హెచ్‌బీఏ1సీ మామూలు డోసులో 0.1 ప్రాంతంలో పెరగొచ్చు, ఎక్కువ డోసులో ఇంకొంచెం. నాకు 7.0 ఉన్నది 7.1 అయింది, అది గోళీ వల్లో మామిడిపళ్ల వల్లో నేను చెప్పలేను. పదో వంతు పాయింటు కోసం గుండెపోటు రక్షణ వదులుకోవడం నా లెక్కలో గిట్టుబాటు కాదు.

కండరాల నొప్పులు. దీని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే గోళీ మానేసేవాళ్లలో ఎక్కువమంది చెప్పే కారణం ఇదే, నేనూ ఇదే చెప్పాను. ఐదు నెలల తర్వాత మొదలుపెట్టానా, మూడో వారంలో పిక్కలు పట్టేయడం మొదలైంది. మెట్టుగూడ మెట్రో స్టేషన్ మెట్లు ఎక్కుతుంటే మధ్యలో ఆగాల్సి వచ్చింది. ఇంకేముంది, గోళీ వల్లే అని నాకు నేనే తీర్పిచ్చేసి ఆపేశాను. ఆపి మూడు వారాలైనా నొప్పి అలాగే ఉంది! అప్పుడు పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ 14, అంటే థైరాయిడ్ తక్కువ పనిచేస్తోంది, దానితో పాటు డి విటమిన్ అడుగంటింది. థైరాయిడ్ గోళీ మొదలుపెట్టి రెండు నెలలయ్యాక స్టాటిన్ మళ్లీ వేసుకుంటే పిక్కలు మామూలుగానే ఉన్నాయి.

లండన్‌లో అరవై మంది మీద శాంసన్ అని ఒక పరీక్ష చేశారు, 2020లో ఫలితాలు వచ్చాయి. స్టాటిన్ పడక మానేసినవాళ్లే అందరూ. ఒక్కొక్కరికి పన్నెండు డబ్బాలు: నాలుగింటిలో అటోర్వాస్టాటిన్, నాలుగింటిలో ఉత్త గోళీలు, నాలుగు ఖాళీ. నెలకొకటి, ఏ నెల ఏది వస్తుందో ముందే తెలియదు, గోళీ ఉన్న డబ్బాల్లో అది అసలుదో ఉత్తదో అస్సలు తెలియదు. రోజూ ఫోన్‌లో బాధ ఎంతుందో వందకి మార్కులు వెయ్యాలి. ఖాళీ నెలల్లో సగటు 8, స్టాటిన్ నెలల్లో 16, ఉత్త గోళీ నెలల్లో 15! అంటే గోళీ మింగుతున్నామన్న టెన్షనే బాధలో తొంభై శాతం తెచ్చింది. బాధ అబద్ధం కాదు, వాళ్లకి నిజంగానే నొప్పి పుట్టింది, దాని పుట్టుక మాత్రం మందులో లేదు. తమ మార్కులు తాము చూసుకున్నాక వాళ్లలో సగం మంది మళ్లీ స్టాటిన్ మొదలుపెట్టారు. 2022లో లక్షకు పైగా మంది లెక్కలు కలిపి చూసినప్పుడూ అంతే, స్టాటిన్ వేసుకున్నవాళ్లలో 27.1 శాతం, ఉత్త గోళీవాళ్లలో 26.6 శాతం కండరాల బాధ చెప్పారు. తేడా కొంచెం ఉంది, అది కూడా ఎక్కువగా మొదటి ఏడాదిలో.

నిజంగా ప్రమాదకరమైన కండరాల దెబ్బ వెయ్యిలో ఒకరికన్నా తక్కువమందికి వస్తుంది. దాని గుర్తులు మాత్రం తెలిసి ఉండాలి: రెండు తొడల్లో, భుజాల్లో గట్టి నొప్పి, లేవలేనంత బలహీనత, మూత్రం చిక్కటి టీ డికాషన్ రంగులో రావడం. అప్పుడు గోళీ ఆపి ఆ రోజే దవాఖానకి పోవాలి, సీకే అనే రక్తపరీక్ష చేస్తారు. రేపు చూద్దాం అనకండి.

ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వదలదు అని ఇంకో మాట తిరుగుతుంది. వ్యసనం లాంటిదేం లేదు. ఆపితే కొన్ని వారాల్లో ఎల్‌డీఎల్ పాత చోటికి వస్తుంది, రక్షణ పోతుంది. కళ్లద్దాలు తీస్తే మళ్లీ మసక కనబడినట్టే.

వేరే మందులతో గొడవ

హైదరాబాద్ చెమటకి తామర ఎంతమందికి వస్తుందో మీకు చెప్పక్కర్లేదు, షుగర్ ఉంటే మరీ. తామరకి చర్మ డాక్టర్లు వారాల తరబడి ఇట్రాకోనజోల్ రాస్తారు. అది అటోర్వాస్టాటిన్, సిమ్వాస్టాటిన్‌లని శరీరం బయటికి పంపకుండా అడ్డుకుంటుంది, రక్తంలో మందు పెరిగిపోతుంది. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయోటిక్ కూడా అంతే. కాబట్టి ఏ కొత్త డాక్టరు దగ్గరికి పోయినా నేను స్టాటిన్ మీద ఉన్నానని చెప్పండి, ఆ కొన్నాళ్లు ఆపడమో డోసు తగ్గించడమో వాళ్లు చూస్తారు. ట్రైగ్లిజరైడ్లకి ఇచ్చే జెమ్‌ఫిబ్రోజిల్‌ని స్టాటిన్‌తో కలపకూడదు. రోసువాస్టాటిన్ వేసుకునేవాళ్లు గ్యాస్‌కి తాగే అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న యాంటాసిడ్ సిరప్‌ని గోళీ వేసుకున్న రెండు గంటల తర్వాతే తాగాలి, వెంటనే తాగితే గోళీ సరిగా ఎక్కదు.

చీటీలో రాసింది ఉత్త స్టాటినేనా, కలిపిన క్యాప్సూలా అన్నది కూడా చూసుకోండి. రోసువాస్టాటిన్, ఆస్పిరిన్ కలిపినవి మన దగ్గర తెగ రాస్తారు. గుండె జబ్బు లేని షుగర్ వాళ్లకి ఆస్పిరిన్ వేరే లెక్క. పదిహేను వేల మంది షుగర్ వాళ్ల మీద చేసి 2018లో చెప్పిన అసెండ్ పరీక్షలో గుండె ప్రమాదాలు 12 శాతం తగ్గాయి, పెద్ద రక్తస్రావాలు 29 శాతం పెరిగాయి. ఇది ఎందుకు రాశారు అని అడగండి. ట్రైగ్లిజరైడ్లు తగ్గించే ఫెనోఫైబ్రేట్ కలిపినవీ అంతే. 2010 నాటి అకార్డ్ పరీక్షలో ఐదున్నర వేల షుగర్ వాళ్లకి స్టాటిన్ మీద అది కలిపినా గుండెపోట్లు చెప్పుకోదగ్గట్టు తగ్గలేదు. ట్రైగ్లిజరైడ్లు 500 దాటితే ప్యాంక్రియాస్ దెబ్బతినకుండా ఇస్తారు, అది వేరే సంగతి.

ఏది, ఎంత

అటోర్వాస్టాటిన్ 10 నుంచి 20, రోసువాస్టాటిన్ 5 నుంచి 10 మధ్యస్థ డోసు, ఎల్‌డీఎల్‌ని మూడోవంతు నుంచి దాదాపు సగం దాకా దించుతుంది. అటోర్వా 40, 80, రోసువా 20 ఎక్కువ డోసు, సగానికి పైగా దించుతుంది. ఆసియా వాళ్ల రక్తంలో, అందులో మనమూ ఉన్నాం, రోసువాస్టాటిన్ దాదాపు రెండింతలు చేరుతుందని తేలింది, అందుకే 5తో మొదలుపెట్టమంటారు. కాబట్టి మీ పక్కింటాయనకి 10 రాసి మీకు 5 రాశారంటే తక్కువ చేసినట్టు కాదు. కిడ్నీ బాగా దెబ్బతింటే రోసువా డోసు తగ్గించాలి, అటోర్వాకి ఆ అవసరం లేదు. ఈ రెండూ పొద్దున్నయినా రాత్రయినా వేసుకోవచ్చు, మరిచిపోని టైమే మంచి టైమ్.

డోసు రెట్టింపు చేస్తే ఫలితం రెట్టింపు కాదు, ఇంకో 6 శాతం మాత్రమే దిగుతుంది. అందుకని ఎక్కువ డోసు పడనివాళ్లకి తక్కువ డోసు స్టాటిన్‌కి ఎజెటిమైబ్ అనే ఇంకో రకం కొలెస్ట్రాల్ గోళీ కలుపుతారు, అది ఇంకో 20 శాతం దాకా దించుతుంది. స్టాటిన్ అస్సలు పడనివాళ్లకి బెంపెడోయిక్ యాసిడ్ అనే మందు వచ్చింది. డబ్బు ఇబ్బంది అయితే జనఔషధి కేంద్రంలో జెనరిక్ అడగండి, మందు అదే.

వాకింగ్, తిండి మార్చుకుంటే గోళీ అక్కర్లేదా అని అడుగుతారు. కేబీఆర్ పార్కులో రోజూ ఒక రౌండు వేస్తే షుగర్, బీపీ, ట్రైగ్లిజరైడ్లు బాగా దిగుతాయి, ఎల్‌డీఎల్ మాత్రం అంతగా కదలదు. డాల్డా పడిన బేకరీ సరుకులు, పామాయిల్‌లో వేయించిన మిర్చి బజ్జీలు తగ్గిస్తే, రోజూ ఇసబ్‌గోల్ తీసుకుంటే కొంత దిగుతుంది. నలభై దాటిన షుగర్ మనిషికి ఆ కొంత సరిపోవడం అరుదు. ఇవి గోళీతో పాటు చెయ్యాల్సినవి. ఆన్‌లైన్‌లో అమ్మే రెడ్ ఈస్ట్ రైస్ క్యాప్సూల్స్ జోలికి పోకండి, అందులో ఉండేది లోవాస్టాటినే, ఎంతుందో మాత్రం డబ్బా మీద నమ్మలేం. పాతకాలం నాటి స్టాటిన్లు అసలు పుట్టిందే బూజు నుంచి. జపాన్‌లో అకిరా ఎండో 1970ల్లో బూజు రకాలు వేలల్లో వెతికి మొదటిదాన్ని పట్టుకున్నాడు, 1987లో లోవాస్టాటిన్ మార్కెట్లోకి వచ్చింది. కాబట్టి సహజం, కెమికల్ అనే తగువు ఇక్కడ నడవదు.

డాక్టరు దగ్గర, ఆ తర్వాత

ఐదు నిమిషాలే దొరుకుతాయి కాబట్టి ఒక చిన్న కాగితం మీద రాసుకుని వెళ్లండి: పదేళ్లలో నా ప్రమాదం ఎంత ఉండొచ్చు, నాకు ఎల్‌డీఎల్ ఎంత లోపు ఉండాలి, ఈ డోసే ఎందుకు, మళ్లీ పరీక్ష ఎప్పుడు. కూర్చోగానే ఈ కాగితం బల్ల మీద పెట్టండి. చివర్లో లేస్తూ అడిగితే జవాబు కూడా లేచే తొందరలోనే వస్తుంది.

వేసుకోవాలని తేలితే, మొదలుపెట్టిన ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య లిపిడ్ పరీక్ష మళ్లీ చేయించండి. దిగితే మందు పనిచేస్తున్నట్టు, తర్వాత ఏడాదికోసారి చాలు. దిగిందని చూసి, ఇక బాగైపోయింది కదా అని ఆపేసేవాళ్లు చాలామంది. బాగున్నది గోళీ వల్లే. నాకు ఇప్పుడు ఎల్‌డీఎల్ 58, అదీ మొదట రాసిన 10 కాదు, రోసువా 5 మీదే. నొప్పో ఇంకేదో వస్తే, తేదీ, ఎక్కడ నొప్పి, ఎంత అన్నది క్యాలెండర్ మీద రాసి డాక్టరుకి చూపించండి. నాలాగా మీకు మీరే తీర్పిచ్చుకోకండి.

ప్రస్తుతానికి వద్దనుకుంటే అది కూడా డాక్టరుకి చెప్పి, ఫైల్లో రాయించండి. లేకపోతే ఆయన మీరు వేసుకుంటున్నారనుకుని, ఎల్‌డీఎల్ దిగలేదని డోసు పెంచుతారు. ఎందుకు వద్దన్నారో, ఏది మారితే మళ్లీ చూస్తారో రాసుకోండి.

మా బావమరిది అదే చేశాడు. బీపీ లేదు, సిగరెట్ లేదు, వాళ్ల నాన్నకి 71 ఏళ్లకి స్టెంట్ వేశారు కాబట్టి అది లెక్కలోకి రాదు. కళ్లు బాగున్నాయి. ఏసీఆర్ మాత్రం 41 వచ్చింది. ఆ వారం జ్వరం వచ్చి తగ్గి ఉన్నాడు, జ్వరానికి, గట్టి వ్యాయామానికి కూడా అది పెరుగుతుంది కాబట్టి ఒక్కసారి చూసి నమ్మరు, మూడు నుంచి ఆరు నెలల్లో మూడుసార్లు చూసి అందులో రెండుసార్లు ఎక్కువొస్తేనే లెక్క. రెండోది మొన్న శనివారం ఇచ్చాడు. అందులోనూ 30 దాటితే మొదలుపెడతానని డాక్టరుకి చెప్పి వచ్చాడు, గోళీలు మాత్రం ఇంకా కొనలేదు.